గార్డియన్ మీరే కావచ్చు, గన్ మాత్రం మీది కాదు

ఇంట్లో పెద్దాయనకి మతిమరుపు ముదిరిందని తెలియగానే మనం ఏం చేస్తాం? ముందు బండి తాళాలు దాచేస్తాం. రాత్రిపూట గ్యాస్ రెగ్యులేటర్ కట్టేస్తాం. ఏటీఎం కార్డు తీసుకుని పిన్ మార్చేస్తాం. పిచ్చి లింకులు నొక్కకుండా ఫోన్లో సెట్టింగ్స్ సరిచేస్తాం. ఇవన్నీ ఈ కాలమ్‌లో ఇంతకుముందు మాట్లాడుకున్నవే. ఒక్కదాని గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. తుపాకీ.

"మా ఇంట్లో తుపాకీ ఎందుకుంటుంది బాస్, మాదేమైనా ఫ్యాక్షన్ సినిమానా?" అంటారా? నిజమే, చాలా ఇళ్లలో ఉండదు. కానీ ఉన్న ఇళ్లు కూడా సినిమాలో ఇళ్లలా ఉండవు. మిలటరీ నుంచి రిటైరై, తర్వాత బ్యాంకులో గన్‌మ్యాన్‌గా చేసిన తాతయ్య ఇల్లు. అడవిపందుల బాధ పడలేక లైసెన్స్ తీసుకున్న రైతు ఇల్లు. వ్యాపారం జోరుగా ఉన్న రోజుల్లో ప్రాణభయంతో రివాల్వర్ కొనుక్కున్న పెదనాన్న ఇల్లు. వాళ్లందరికీ ఇప్పుడు వయసు మీద పడింది. గన్ మాత్రం బీరువాలోనో, ట్రంకు పెట్టెలోనో అలాగే ఉంది.

మా అమ్మ వాళ్ల నాన్న ఇంట్లోనూ ఉండేది. అందుకే ఈ వారం ఈ టాపిక్.

ఎందుకంత కంగారు?

డిమెన్షియా అంటే పేర్లు మర్చిపోవడం ఒక్కటే కాదు. పొద్దుగూకే వేళకి అయోమయం పెరుగుతుంది. "నా డబ్బు ఎవరో ఎత్తుకుపోతున్నారు" అనే అనుమానం మొదలవుతుంది. ఒక్కోసారి సొంత కొడుకే ఎవరో కొత్త మనిషిలా కనిపిస్తాడు. ఇవన్నీ ఆ జబ్బులో మామూలుగా కనబడే లక్షణాలే. లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, ఏళ్ల తరబడి చేతులతో చేసిన పని మాత్రం చాలాకాలం నిలుస్తుంది. పొద్దున టిఫిన్ తిన్నానో లేదో గుర్తులేని మనిషికి కూడా తూటా ఎలా ఎక్కించాలో గుర్తుండొచ్చు. ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు, గన్ ఎలా వాడాలో తెలుసు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటమే అసలు ప్రమాదం.

జబ్బు ఇంకా ముదరని దశలో మరో భయం ఉంది. తనకేం జరుగుతోందో తనకే అర్థమవుతున్న రోజుల్లో కొందరు బాగా కుంగిపోతారు. అలాంటప్పుడు చేతికందే దూరంలో తుపాకీ ఉండకూడదు. దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు.

గార్డియన్ పేపర్ ఉంటే సరిపోదా?

మన దేశంలో పెద్దవాళ్లకి గార్డియన్‌షిప్ అనేది కొంచెం గజిబిజి వ్యవహారం. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్ పిల్లల కోసం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 14వ సెక్షన్ 'లిమిటెడ్ గార్డియన్' అంటుంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో 'నామినేటెడ్ రిప్రజెంటేటివ్' ఉన్నారు కానీ ఆయన పని చికిత్స వరకే, ఆస్తుల జోలికి పోకూడదు. వీటిలో ఏదీ సరిగ్గా అతకనప్పుడు కుటుంబాలు రిట్ వేసి హైకోర్టుకి వెళ్తున్నాయి. కోమాలో ఉన్నవాళ్లకి గార్డియన్‌ని ఎలా నియమించాలో 2019లో కేరళ హైకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది కూడా.

ఇంత తిరిగి మీరు పేపర్ సంపాదించారనుకుందాం. బ్యాంకు ఖాతా మీరు చూడొచ్చు. పెన్షన్, ఆస్పత్రి బిల్లులు, కౌలు డబ్బులు చూడొచ్చు. తుపాకీని మాత్రం దగ్గర పెట్టుకోలేరు. ఎందుకంటే 1959 ఆయుధ చట్టం సెక్షన్ 3 ప్రకారం గన్ దగ్గర ఉండాలంటే ఆ మనిషికి లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ ఇంటికి ఇవ్వరు, మనిషికి ఇస్తారు. మా ఆఫీసులో నా ఐడీ కార్డు గీకి మా తమ్ముడు లోపలికి రాలేడు, ఇదీ అంతే. గన్‌ని చట్టప్రకారం అమ్మించే అధికారం కోర్టు మీకు ఇవ్వొచ్చు. అంతమాత్రాన అది మీ బీరువాలోకి రాదు.

లైసెన్స్ లేకుండా మామూలు తుపాకీ దొరికితే 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు, పైగా జరిమానా. "మాకు తెలీదండీ" అనే మాట కొంతవరకే పనిచేస్తుంది. 1994లో సంజయ్ దత్ కేసులో సుప్రీంకోర్టు, కలిగి ఉండటం అంటే తెలిసి కలిగి ఉండటం అని చెప్పింది. అంటే, అటక మీద గన్ ఉందని తెలియనంతసేపు మీ పరిస్థితి వేరు. చూసిన క్షణం నుంచి వేరు.

మా ఇంట్లో వచ్చిన మూడు ఐడియాలు

తాతయ్య ఆర్మీలో చేసి వచ్చాక బ్యాంకులో గన్‌మ్యాన్‌గా చేరారు. 12 బోర్ డబుల్ బ్యారెల్. ఉద్యోగం మానేశాక కూడా లైసెన్స్ రెన్యువల్ చేయించుకుంటూనే వచ్చారు. ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషన్‌కి వెళ్లి గన్ డిపాజిట్ చేసేవారు. అయ్యాక మళ్లీ తెచ్చుకునేవారు. 82వ ఏట డిమెన్షియా అన్నారు డాక్టర్.

ఆ తర్వాత ఏడాదికి, ఒక రాత్రి రెండింటికి తాతయ్య లేచి కూర్చున్నారు. పశువుల పాక దగ్గర లైటు కదులుతోంది. "దొంగలొచ్చారు, బీరువా తాళం ఇవ్వు" అని అమ్మమ్మని అడిగారు. అమ్మమ్మ ఎందుకో భయపడి, తాళం కొడుకు దగ్గరుందని చెప్పింది. ఆ లైటు మా మావయ్య సెల్‌ఫోన్ టార్చ్. ఈనబోతున్న గేదెని చూడటానికి వెళ్లాడు.

పొద్దున్నే ఫ్యామిలీ గ్రూప్ కాల్. మూడు ఐడియాలు వచ్చాయి. మావయ్య అన్నాడు, "మా అత్తారింట్లో పెట్టేస్తాను, అక్కడ ఎవరికీ తెలీదు" అని. అమ్మ అంది, "కాలవలో పారేయండి, పీడా పోతుంది" అని. చిన్న మావయ్యేమో తనకి తెలిసినాయన ఎవరో కొంటాడన్నాడు. చాలా ఇళ్లలో ఈ మూడే వస్తాయి కాబట్టి ఒక్కోటీ చూద్దాం.

వేరే ఇంట్లో పెడితే, లైసెన్స్ లేని మనిషి చేతికి తుపాకీ వెళ్లినట్టు. మీ గొడవలోకి వాళ్లని కూడా లాగినట్టు. కాలవలో పారేస్తే, లైసెన్స్ పుస్తకంలో ఆ గన్ నంబరు అలాగే ఉంటుంది. రేపు "గన్ ఎక్కడ?" అని అడిగితే చెప్పడానికి జవాబుండదు. నీళ్లు తగ్గాక ఏ పిల్లాడి చేతికో దొరికితే ఇంకా ఘోరం. ఇక అమ్మకం. కొనేవాడికి లైసెన్స్ ఉండాలి. అది చాలదు. అమ్మే లైసెన్స్‌దారు ముందుగా అధికారులకి రాతపూర్వకంగా చెప్పి, కనీసం 45 రోజులు ఆగాలని సెక్షన్ 5 అంటోంది. చేతి మీద బేరం కుదరదు.

మరి ఏది కుదురుతుంది? సెక్షన్ 21. లైసెన్స్ గడువు తీరడం వల్ల గానీ, రద్దు కావడం వల్ల గానీ, మరే కారణం వల్ల గానీ ఆయుధం దగ్గర ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసర ఆలస్యం లేకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, నిబంధనల ప్రకారం లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. 'మరే కారణం వల్ల గానీ' అన్న ముక్కని గుర్తుపెట్టుకోండి. మన పెద్దవాళ్లకి దారి చూపించేది అదే. మా తాతయ్య లైసెన్స్ పుస్తకం తీసి చూస్తే గడువు అప్పటికి నాలుగు నెలల కిందటే దాటిపోయింది.

ఉత్త చేతులతో స్టేషన్‌కి

మావయ్య స్టేషన్‌కి గన్ లేకుండా వెళ్లాడు. లైసెన్స్ జిరాక్స్, డాక్టర్ రాసిచ్చిన కాగితం, తన సంతకంతో ఒక అర్జీ పట్టుకెళ్లాడు. ఎస్సై గారు చదివి, "గన్ మీరు పట్టుకురావద్దండి, మా హెడ్ గారిని పంపిస్తా" అన్నారు.

ఆ జాగ్రత్త ఊరికే కాదు. లైసెన్స్ లేని మనిషి గన్ మోసుకెళ్లడానికి సెక్షన్ 3లో ఒక చిన్న వెసులుబాటు ఉంది. లైసెన్స్‌దారు పక్కనే ఉండాలి, లేదా రాసి ఇవ్వాలి. అది కూడా రిపేరుకి, రెన్యువల్‌కి, లేదా ఆయన వాడుకోవడానికి మాత్రమే. ఆ లిస్టులో డిపాజిట్ అన్న మాట లేదు. పైగా మతి నిలవని మనిషి రాసిచ్చిన కాగితానికి విలువెంత?

తాతయ్యకి ఏం చెప్పాలన్నది అసలు గొడవ. "నీకు మతి పోయింది, అందుకే గన్ తీసేస్తున్నాం" అని 83 ఏళ్ల సైనికుడి మొహం మీద ఎలా అంటాం? చివరికి మావయ్యే అన్నాడు, "ఎలక్షన్లు వస్తున్నాయని చెప్దాం" అని. మన రాష్ట్రంలో ఎప్పుడూ ఏదో ఒక ఎలక్షన్ వస్తూనే ఉంటుంది కదా.

హెడ్ కానిస్టేబుల్ గారు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చారు. "నమస్కారమండీ, డిపాజిట్ టైమొచ్చింది" అన్నారు. తాతయ్య వెంటనే కుర్చీలో నిటారుగా సర్దుకుని, "పుస్తకం తీసుకురా" అని మావయ్యకి చెప్పారు. హెడ్ గారే బీరువాలోంచి గన్ తీసి, మూతి నేల వైపు పెట్టి, విరిచి చూశారు. ఒక బ్యారెల్‌లో తూటా ఉంది.

ఎవరికీ నోట మాట రాలేదు. అది ఎప్పటి నుంచి ఉందో తెలీదు. ముందుగా తేరుకున్నది తాతయ్యే. "లోడ్ చేసి పెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాను? ఎవడు పెట్టాడ్రా?" అని మావయ్య మీద గట్టిగా అరిచారు. మావయ్య తల దించుకుని, "తప్పయిపోయింది నాన్నా" అన్నాడు.

పుస్తకం ప్రకారం 12 తూటాలు ఉండాలి. బ్యారెల్‌లో ఉన్నదాంతో కలిపి 9 దొరికాయి. ఇల్లంతా వెతికితే వారం తర్వాత మిగతా మూడు ట్రంకు పెట్టెలో మిలటరీ కంబళి మడతల్లో కనిపించాయి. హెడ్ గారికి ఫోన్ చేస్తే వచ్చి అవీ తీసుకెళ్లారు, రసీదులో రాసిచ్చారు.

తాతయ్య ఇప్పటికీ అప్పుడప్పుడు "గన్ ఏది?" అని అడుగుతారు. మావయ్య రసీదు చూపిస్తాడు. దాని మీద గన్ నంబరు పైకి చదివి, "సరే, జాగ్రత్తగా దాచు" అని తిరిగి ఇచ్చేస్తారు. ఆయనతో అబద్ధమాడామని అమ్మకి ఇంకా మనసులో ఉంది. డిపాజిట్ నిజమే, రసీదు నిజమే, కారణం ఒక్కటే మార్చాం అంటాను నేను. అయినా అమ్మ బాధలో న్యాయం ఉంది. ఆ విషయంలో ఆమెతో వాదించను.

మీ ఇంట్లో కనబడితే

ముట్టుకోవద్దు. ఖాళీగా ఉందని ఎవరు చెప్పినా నమ్మొద్దు, తూటా ఉందనే అనుకోండి. ఫొటో కోసం చేతిలోకి తీసుకోవద్దు, రీల్ అసలే వద్దు. ఆ గదికో, బీరువాకో తాళం వేసి, పిల్లలనీ పెద్దాయననీ అటు వెళ్లనివ్వకండి.

తర్వాత లైసెన్స్ పుస్తకం వెతకండి. గడువు తేదీ, గన్ నంబరు, తూటాల లెక్క, ఇచ్చిన అధికారి ఎవరు, ఈ నాలుగూ చూడండి. జిల్లాల్లో అయితే సాధారణంగా కలెక్టర్, కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్ లైసెన్స్ ఇస్తారు. స్టేషన్‌లో ఇచ్చే అర్జీ కాపీ ఒకటి వాళ్లకి కూడా పంపండి. లైసెన్స్‌దారు మానసిక స్థితి సరిగా లేదనిపిస్తే లైసెన్స్‌ని సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం సెక్షన్ 17 కింద వాళ్లకుంది.

గన్ తీసుకెళ్లేటప్పుడు రసీదు తప్పనిసరి. అందులో గన్ నంబరు, తూటాల సంఖ్య, తేదీ ఉన్నాయో లేదో అక్కడే చదవండి. డిపాజిట్ చేశాక మర్చిపోవద్దు. దాన్ని చట్టప్రకారం వెనక్కి తీసుకోవడానికో, అర్హత ఉన్నవాళ్లకి అమ్మడానికో ఒక గడువు ఉంటుంది. అది దాటితే ప్రభుత్వపరం కావచ్చు. గడువు ఎంతో స్టేషన్‌లోనే అడిగి, ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి.

తూటా ఒక్కటే దొరికినా ఇదే పద్ధతి. చట్టం దృష్టిలో తూటాకీ లెక్కుంది. పెద్దాయన బ్యాగ్ సర్దకుండా అలాగే తీసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తే, స్కానర్ దగ్గర ఆ ఒక్క తూటాతోనే ఇరుక్కుంటారు.

గోడకి వేలాడే ముత్తాతల నాటి తుపాకీ అయితే? పనికిరాని, పాతకాలపు, బాగుచేసినా పేలని ఆయుధానికి సెక్షన్ 45లో మినహాయింపు ఉంది. అయితే అది పేలుతుందో లేదో తేల్చేది మీరు కాదు. లైసెన్సే లేని నాటు తుపాకీ కనబడితే ముందు ఒక లాయర్‌తో మాట్లాడి, ఆయన ద్వారానే వెంటనే స్టేషన్‌కి తెలియజేయండి. దాచడం, పారేయడం మాత్రం వద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి

అక్కడ గన్ ఉన్న ఇళ్లు ఎక్కువ, గార్డియన్‌షిప్ కేసులూ ఎక్కువ. మానసిక స్థితి వల్ల తన వ్యవహారాలు తాను చూసుకోలేడని కోర్టు తేల్చిన మనిషి తుపాకీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం అంటుంది. కాబట్టి గార్డియన్ మొదట చేయాల్సిన పనుల్లో గన్‌ని ఆ ఇంట్లోంచి తీయించడం ఒకటి. ఇక్కడే మనవాళ్లకో మెలిక. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, గన్ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అక్కడ నేరం. సిటిజన్ అయిన బాబాయి గన్‌ని హెచ్1బీ మీద ఉన్న మీరు "సేఫ్‌గా ఉంటుందిలే" అని మీ అపార్ట్‌మెంట్‌కి తెచ్చారనుకోండి, ఆయన సమస్య పోయి మీ సమస్య మొదలవుతుంది. లోకల్ పోలీసులకో, లైసెన్స్ ఉన్న డీలర్‌కో ఫోన్ చేసి, ఎలా అప్పగించాలో కనుక్కుని చేయండి.

సంతకం పెట్టగలిగినప్పుడే

అన్నిటికన్నా తేలికైన దారి ముందుగానే మాట్లాడుకోవడం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్‌దారుకి 70 ఏళ్లు నిండినా, గన్ తీసుకుని 25 ఏళ్లయినా, ఏది ముందయితే అప్పుడు, ఆయన బతికుండగానే వారసుల్లో అర్హత ఉన్నవాళ్లు ఆ గన్‌కి లైసెన్స్ కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఎవరికీ వద్దనుకుంటే ఆయనే అధికారులకి తెలియజేసి, 45 రోజులు ఆగి, దర్జాగా అమ్మేయొచ్చు. రెండిటికీ కావాల్సింది ఒక్కటే, పెద్దాయన తెలివితో పెట్టే సంతకం. అది పెట్టలేని రోజు వచ్చాక మిగిలేది స్టేషన్, అర్జీ, రసీదు.

కాబట్టి ఈసారి ఊరెళ్లినప్పుడు అడగండి. "తాతయ్యా, మీ లైసెన్స్ పుస్తకం ఒకసారి చూపిస్తారా?" అంటే చాలు, చాలామంది మురిసిపోయి తెచ్చి చూపిస్తారు. గడువు తేదీ మీ ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి. తూటాల లెక్క రాసుకోండి. ఇంట్లో ఎవరైనా కుంగిపోయినట్టు అనిపిస్తే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ హెల్ప్‌లైన్, ఉచితం. పెద్దవాళ్ల బాగోగులకి ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

వచ్చే వారం ఇంత బరువైన టాపిక్ కాదులెండి. తాతయ్యల పెన్షన్, లైఫ్ సర్టిఫికెట్, మన చేతిలో ఫోన్. అప్పటిదాకా ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి.